గ్రహణం వచ్చింది ఏడో నెలలో

2020 మార్చి 20న, లాక్‌డౌన్‌కి కొద్ది రోజుల ముందు, మా పెద్దమ్మ చిన్నకోడలికి ఆడపిల్ల పుట్టింది. పై పెదవి ఎడమ పక్క ముక్కుదాకా చీలి ఉంది. దానికి మనం పెట్టుకున్న పేరు గ్రహణం మొర్రి. ఆ పేరులోనే ఫిర్యాదూ ఉంది, తీర్పూ ఉంది. ముద్దాయి ఎప్పుడూ పురిటి మంచం మీదే ఉంటుంది.

చూడ్డానికొచ్చిన ఆడవాళ్లు వేళ్ల మీద లెక్క కట్టేశారు. 2019 డిసెంబరు 26, గురువారం, పొద్దున్నే సూర్యగ్రహణం. అప్పటికి ఆమెకి ఏడో నెల. ఆ పూట కత్తిపీట ముందు కూర్చుందా? గుమ్మం దాటిందా? బట్ట చింపిందా? మొదటి రోజు "లేదత్తా, మంచం దిగలేదు" అంది. రెండో రోజు "గుర్తు లేదు" అంది. మూడో రోజుకి "వంకాయలు తరిగినట్టున్నాను" అని ఒప్పేసుకుంది. చెన్నైలో సెంట్రింగు పనిలో ఉన్న మొగుడికి ఫోన్లో అదే చెప్పారు.

నేను ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతున్నాను. ఆ మూడు రోజులూ నరసన్నపేట దగ్గర మా ఊళ్లో, ఆ ఇంటి అరుగు మీదే ఉన్నాను. నోరు మెదపలేదు. పురిటింటి సంగతుల్లో మగవాడికేం పని అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతేమిటంటే, పెదవి ఎలా తయారవుతుందో చెప్పాలంటే వెన్నుపాము దగ్గర మొదలెట్టాలి, అంత కథ వినే ఓపిక అక్కడ ఎవరికీ లేదు. చెప్పే ధైర్యం నాకూ లేదు. ఆ కథే ఇప్పుడు రాస్తున్నాను.

తర్వాత కాలేజీలో ఈ సంగతి చెబితే తోటి లెక్చరర్ ఒకాయన నవ్వాడు. "గ్రహణమేంటి మాస్టారూ, అంతా జీన్సు. డీఎన్ఏలో ఎలా రాసుంటే అలా" అన్నాడు. చదువుకున్నవాడి మాటే, కాదనను. కానీ నాకెందుకో ఆ మాటా పెద్దమ్మ మాటా ఒకే గూటి పక్షుల్లా వినిపించాయి. ఆమె దగ్గర రాసేవాడు బ్రహ్మ, ఈయన దగ్గర డీఎన్ఏ. ఎవరు రాసినా ముందే రాసేశారని ఇద్దరి నమ్మకం. నుదుటి మీది చర్మ కణంలోనూ, ఆ నుదురు వెనకాల ఉన్న మెదడు కణంలోనూ దాదాపు ఒకే డీఎన్ఏ ఉంటుంది. రాతే అన్నీ తేల్చేస్తే అది తోలెందుకైంది, ఇది ఆలోచిస్తూ ఎందుకు కూర్చుంది? కణం ఏమవుతుందో తేలాలంటే ఇంకో మూడు ప్రశ్నలు అడగాలి. ఎక్కడుంది? పక్కన ఎవరున్నారు? అప్పటికి టైమెంతయింది? ఈ మూడింట్లో మనవాళ్లు ఎప్పుడూ అడగనిది మూడోది. పెద్దమ్మ కూడా గ్రహణం తారీకు అడిగింది గానీ, పెదవి తారీకు అడగలేదు.

డిగ్రీలో మాకు కోడి పిండం స్లైడులు చూపించేవారు. 24 గంటలు, 33 గంటలు, 48 గంటలు అని చీటీలంటించిన గాజు ముక్కలు. ఎర్రరంగు పట్టించిన చచ్చిన పిండాలు. చూసి బొమ్మ గీసి మార్కులు తెచ్చుకోవడమే. లెక్చరర్‌నయ్యాక ఓ వేసవిలో, బతికున్నదాన్ని చూడాలని బుద్ధి పుట్టింది. పొదుగు మీదున్న నాటుకోడి కింద నాలుగు తాజా గుడ్లు దూర్చాను, పెన్సిలుతో తారీకూ గంటా రాసి. పెట్ట మేతకి దిగిన సమయం లెక్కలోంచి తీసేయాలని మాత్రం తోచలేదు. అందుకే నా 33 గంటల పిండం పుస్తకంలోని 33 గంటల పిండంతో కలవలేదు. మొదటి గుడ్డు పెంకు కత్తిరించబోతే పచ్చసొన చితికిపోయింది. "పొదుగుడు గుడ్డు కొట్టేస్తావేట్రా, పాపం కాదూ?" అని పెద్దమ్మ అరిచింది. రెండోదానికి ముందు సిరంజితో కాస్త తెల్లసొన లాగేశాను. లోపలున్నది పెంకు నుంచి కిందికి దిగింది. గోళ్లు కత్తిరించుకునే కత్తెరతో కిటికీ కోశాను.

పచ్చసొన మీద బియ్యపు గింజంత పొడుగున పాలిపోయిన చార. భూతద్దం పెడితే ఆ చార రెండు అంచులూ పైకి లేచి జిప్పు వేసినట్టు మూసుకుంటున్న గొట్టం. అదే నాడీ నాళం. ముందు పక్క ఉబ్బు రాబోయే మెదడు, వెనక పక్క రాబోయే వెన్నుపాము. గొట్టానికి అటూ ఇటూ జతజతలుగా చిన్న ఇటుకలు పేర్చినట్టున్నాయి. ఇంకా రక్తం ఎర్రబడలేదు. పెద్దమ్మని పిలిచి చూపించాను. కళ్లు చికిలించి చూసి, "ఇందులో కోడేదిరా?" అంది. ఆ ప్రశ్న చిన్నదేం కాదు. అందులో కోడి లేదు. కోడి కాబోయే కణాలున్నాయి, వాటిలో చాలావాటికి తామేం కాబోతున్నాయో ఇంకా తేలలేదు.

అలా తేలని కణాన్ని తేల్చేది పక్కవాళ్లేనని మొదట గట్టిగా చూపించినది 1924 నాటి ప్రయోగం. జర్మనీలో హాన్స్ స్పెమాన్, ఆయన శిష్యురాలు హిల్డె మాంగోల్డ్ చేశారు. న్యూట్ అని బల్లిలా ఉండే ఉభయచరం ఒకటుంది. దాని పిండం లోపలికి ముడుచుకునే చోట ఉండే చిన్న ముక్కని కోసి, రంగు తేడా ఉన్న ఇంకో జాతి న్యూట్ పిండానికి పొట్ట పక్కన అంటించారు. విచిత్రం, పుస్తకాల్లో ఆ ముక్క పేరు కూడా పెదవే. పొట్ట తోలు కావలసిన చోట రెండో వెన్నుపాము, రెండో మెదడు మొలిచాయి. రంగు చూస్తే, ఆ కొత్త నాడీ కణాలు చాలావరకు అతిథివి కావు, ఇంటివాళ్లవే. అంటే పొట్ట చర్మం అవ్వాల్సిన కణాలు పొరుగు మారేసరికి మెదడైపోయాయి. స్పెమాన్‌కి 1935లో నోబెల్ వచ్చింది. మాంగోల్డ్ అప్పటికే లేదు. ఆ వ్యాసం వెలువడిన ఏడాదే ఇంట్లో హీటరు పేలి, ఇరవై అయిదేళ్లకే పోయింది.

ఆ పెదవి ముక్క పొరుగు కణాలకి ఏం చెబుతుందో తెలియడానికి దాదాపు డెబ్భై ఏళ్లు పట్టింది. తెలిశాక అది తలకిందులు కథ. 'మెదడు కా' అని అది ఆజ్ఞలేమీ ఇవ్వదు. ఆ వయసులో పైపొర కణాలన్నిటికీ 'చర్మం కండి, చర్మం కండి' అని బీఎంపీ అనే ప్రొటీను ఊదరగొడుతూ ఉంటుంది. పెదవి ముక్క ఆ బీఎంపీ నోరు మూయించే ప్రొటీన్లని వదులుతుంది. ఆ మాట చెవిన పడని కణాలు నాడీ కణాల దారి పడతాయి. 1992లో దొరికిన మొదటి మూతిగుడ్డ పేరు నాగిన్. పాముకీ దీనికీ సంబంధం లేదు, ఇంగ్లీషు వాడుకలో ఆ మాటకి తలకాయ అని అర్థం. అది ఎక్కువైన కప్ప పిండాలకి తలకాయలు పెద్దవయ్యాయి, అందుకని ఆ పేరు. రెండేళ్లకి కార్డిన్ దొరికింది. కోడిలో ఇంత తేలిగ్గా తెమలదు, ఎఫ్‌జీఎఫ్ అనే ఇంకో సంకేతం ముందుగా వచ్చి ఉండాలి. కానీ అసలు సంగతి నిలుస్తుంది: ఎవరి మాట వినిపించింది, ఎవరి మాట వినిపించలేదు అన్నదే తోలునీ మెదడునీ విడదీసింది.

తర్వాతి మెట్టు మా జిల్లా వాళ్లకి చెప్పడం సులువు. గొట్టా బ్యారేజీ దగ్గర వదిలిన వంశధార నీళ్లు ఎడమ కాలువ వెంట మా ఊరి పొలాలకి పుష్కలంగా వస్తాయి. మా అత్తవారిది నందిగాం వైపు, శివారు ఆయకట్టు. అక్కడికొచ్చేసరికి కాలువలో తడి మిగిలితే గొప్ప. ఈ మడిలో వరి, ఆ చేలో చోడి. భూమిలో తేడా కంటే నీళ్లు ఎంత దూరం వచ్చాయన్నదే పంటని తేలుస్తుంది. వెన్నుపాములోనూ ఇదే ఏర్పాటు. నాడీ నాళం కింద పృష్ఠవంశమనే కడ్డీ ఉంటుంది. అది సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రొటీనుని వదులుతుంది (వీడియో గేములో ముళ్లపంది పేరే, శాస్త్రజ్ఞులకీ సరదాలుంటాయి). అడుగున చిక్కగా, పైకి పోయేకొద్దీ పలచగా. బాగా చిక్కగా అందిన కణాలు ఒక రకం, కాస్త పైన ఉన్నవి కండరాల్ని కదిలించే మోటార్ న్యూరాన్లు, ఇంకా పైకి పోతే ఆ న్యూరాన్ల మధ్య కబుర్లు మోసే రకాలు. ఎంత చిక్కగా అందిందన్నదొక్కటే కాదు, ఎంతసేపు అందిందన్నది కూడా కణం లెక్కపెట్టుకుంటుంది.

నాళం పై అంచునుంచి ఎదురు వచ్చే సంకేతం ఏదో తెలుసా? అదే బీఎంపీ. మొన్నటిదాకా 'చర్మం కా' అన్నది ఇప్పుడు 'స్పర్శ కబుర్లు మోసేవాడివి కా' అంటోంది. మాట అదే, అర్థం మారింది, ఎందుకంటే వింటున్న కణం వయసు మారింది. జీన్సు ఫలానా పని చేస్తుందని ఒక్క ముక్కలో చెప్పేవాళ్ల మీద నాకు నమ్మకం పోయింది ఇక్కడే.

పక్కపక్కన ఉన్న రెండు కణాలకి ఒకే నీరు అందితే? నాచ్ అనే ప్రొటీను ఆ తగువు తీరుస్తుంది. రవ్వంత ముందున్న కణం 'నేను న్యూరాన్ అవుతున్నా, నువ్వాగు' అని పక్కదాన్ని నొక్కేస్తుంది. ఈగల్లో నాచ్ తీసేస్తే ఎవరూ ఎవర్నీ ఆపరు, చర్మం కావలసిన కణాలు కూడా నాడీ కణాలైపోతాయి. ఒంటినిండా నాడులు, కప్పడానికి తోలు లేదు, పిండం చచ్చిపోతుంది. అన్నదమ్ములిద్దరిలో ఒకడు ఊళ్లో ఉండిపోతే రెండోవాడు రైలెక్కాలి. మా వీధిలో ప్రతి ఇంటా ఇదే తీర్పు.

రైలంటే గుర్తొచ్చింది. పెదవి కథ అసలు ఇక్కడ మొదలవుతుంది.

నాడీ నాళం మూసుకునే చోట, అటు చర్మమూ ఇటు మెదడూ కాని అంచు మీద కొన్ని కణాలుంటాయి. నాడీ శిఖర కణాలంటారు. నేను క్లాసులో వలస కణాలనే అంటాను, శ్రీకాకుళం జిల్లా పిల్లలకి అంతకు మించి వివరించనక్కర్లేదు. ఆమదాలవలస ప్లాట్‌ఫారం మీద సంచులు పట్టుకుని నిలబడ్డవాళ్లలో చెన్నై దిగినవాడు సెంట్రింగు మేస్త్రీ అవుతాడు, హైదరాబాద్ దిగినవాడు వాచ్‌మన్ అవుతాడు, వెరావల్ వెళ్లినవాడు గుజరాతీ బోటు మీద వల లాగుతాడు. ఈ కణాలూ అంతే. నాళం మూసుకునే వేళకి గట్టు దిగి ఒళ్లంతా పాకుతాయి. కొన్ని చర్మంలో చేరి రంగు పోసే కణాలవుతాయి, కొన్ని వెన్నుపాము పక్కన స్పర్శ నాడులు, కొన్ని మూత్రపిండం మీది గ్రంథిలో అడ్రినలిన్ చేసే కణాలు, కొన్ని పేగు గోడల్లో నాడులు. తల వైపు నుంచి దిగినవి ముఖంలోకొచ్చి దవడా, పంటిలో పింగాణీ పొర కింద ఉండే గట్టి పదార్థమూ, పై పెదవి లోపలి మెత్తటి కణజాలమూ కడతాయి. నాడీ వ్యవస్థ గట్టు మీద పుట్టినవాళ్లే మన మొహం కట్టిన మేస్త్రీలు.

వీటి దారి ఎలా తెలిసింది? ఫ్రాన్సులో నికోల్ లె డువారెన్ 1969లో ఒక చిత్రం గమనించింది. కౌజు పిట్ట కణాల కేంద్రకంలో ఒక ముద్ద ఉంటుంది, కోడి కణాల్లో అలా ఉండదు. అంటే కౌజు పిట్ట ముక్కని కోడి పిండంలో అతికిస్తే, ఆ కణాలు ఎక్కడికెళ్లినా సూక్ష్మదర్శిని కింద పట్టేయొచ్చు. తెల్లకోడి పిల్లలు కౌజు రంగు రెక్కలతో పుట్టాయి. అంతకన్నా పదునైన ప్రయోగం తర్వాత చేసింది. మెడ దగ్గర పేగులకి బయలుదేరే వలస కణాల్ని తీసి, అడ్రినల్ గ్రంథికి పోయేవాళ్ల చోట పెట్టింది. అక్కడివి ఇక్కడ పెట్టింది. మెడవి అడ్రినలిన్ చేసే కణాలయ్యాయి. రెండోవి పేగుకి దిగి పేగు నాడులయ్యాయి, కబురందించడానికి వాడే రసాయనంతో సహా మారిపోయాయి. ఎవరి కొడుకన్నది కాదు, ఏ స్టేషన్లో దిగాడన్నది.

దారిలో ఆగిపోతే? మా ఇంట్లో ఒక బొల్లావు ఉండేది. నుదుటి మీద చుక్క, పొట్ట కింద తెలుపు. రంగు కణాలు వీపు మీంచి బయలుదేరి పొట్టకీ నుదుటికీ ఆఖర్న చేరతాయి. చేరనిచోట తెలుపు మిగులుతుంది. ఆవుకది అందం. పేగులో అదే జరిగితే ప్రాణం మీదికొస్తుంది. మెడ నుంచి బయలుదేరిన కణాలు పేగు పొడుగునా నడిచి చివరిదాకా పోవాలి. పోలేకపోతే ఆఖరి జానెడు పేగుకి నాడులుండవు, పుట్టిన బిడ్డకి విరేచనం కాదు, పొట్ట ఉబ్బిపోతుంది. హిర్ష్‌ప్రంగ్ జబ్బంటారు, సుమారు అయిదు వేల కాన్పుల్లో ఒకరికి. నందిగాం రైతుకి ఇది వేరే చెప్పక్కర్లేదు. నీళ్లు రాని శివారు.

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డు చెప్పుకోవాలి. చోటే సర్వస్వం అంటే అదీ అబద్ధమే. 1980లో సింథియా లాన్స్‌జోన్స్, లిన్ ల్యాండ్‌మెస్సర్ కోడి పిండంలో కాలి భాగానికి చెందిన వెన్నుపాము ముక్కని తీసి, ముందువెనకలు తిప్పి పెట్టారు. మోటార్ న్యూరాన్లు కొత్త చోటికి లొంగలేదు. కొత్త దారులు పట్టి పోయి తమ పాత కండరాలనే వెతుక్కున్నాయి. చెన్నైలో ఏ స్టేషన్లో దిగినా మన ఊరి మేస్త్రీ షెడ్డు ఎక్కడో కనుక్కుని చేరేవాడిలాగ. ఇక సి. ఎలిగన్స్ అనే ఒక మిల్లీమీటరు పురుగుంది, దానికి మొత్తం 302 న్యూరాన్లు. అందులో ఏ కణం ఏ తల్లి కణానికి పుట్టిందో వంశవృక్షం మొత్తం రాసేశారు, ప్రతి పురుగులోనూ దాదాపు అదే వృక్షం. అక్కడ పుట్టుకే చాలావరకు తేలుస్తుంది.

మరి ల్యాండ్‌మెస్సర్ న్యూరాన్లు ఎందుకు మారలేదు, లె డువారెన్ కణాలు ఎందుకు మారాయి? మూడో ప్రశ్న. టైమెంతయింది? ల్యాండ్‌మెస్సర్ ముక్క తిప్పేసరికే వాటికి తేలిపోయింది. దీన్ని ఇంకా దగ్గరగా చూపించింది సూసన్ మెక్‌కానెల్. మెదడు పైపొర లోపలి అరలనుంచి బయటికి కడుతుంది, ముందు పుట్టిన న్యూరాన్లు లోతున, తర్వాత పుట్టినవి పైన. ఆమె ఫెర్రెట్ (ముంగిసలా ఉండే జంతువు) పిండాల మెదడులోంచి, లోతు అరకి పోవలసిన లేత కణాల్ని తీసి, అప్పటికే పై అరలు కడుతున్న, వయసులో పెద్దదైన ఫెర్రెట్ పిల్ల మెదడులో పెట్టింది. విభజనకి ముందు డీఎన్ఏ నకలు రాసుకునే దశలో తీసినవైతే కొత్త చోటు మాట విని పై అరలకి వెళ్లాయి. కొన్ని గంటలు ఆలస్యంగా తీసినవి పాత అరకే పోయాయి. కణం అదే, తల్లి అదే, చోటూ అదే. తేడా గంటలే. ముదురు ఆకు పీకి ఉభాలు (వరినాట్లు) వేస్తే ఎంత ఎరువు పోసినా పిలకలు రావని మా పెద్దమ్మే చెబుతుంది. ఆకుమడికి ఒప్పుకున్న ఆ లెక్కని కడుపుకి మాత్రం ఒప్పుకోదు.

అలాగని ఇదంతా తీసుకెళ్లి మనుషులకి అంటించేయకండి. వలసెళ్లినవాడు పండగకి ఇంటికొస్తాడు, కావాలంటే పని మార్చుకుంటాడు. కణం దానంతటది వెనక్కి రావడం అరుదు. 2010లో ఎలుక చర్మం కింది కణాల్లో మూడు జీన్సు నడిపించి వాటిని న్యూరాన్లుగా మార్చారు, అది ప్రయోగశాల గొప్పతనం. కడుపులో అలాంటి రెండో అవకాశం ఉండదు.

ఇప్పుడు తారీకులు. మా మరదలి ఆఖరి నెలసరి 2019 జూన్ 20 ప్రాంతం. కడుపు పడింది జూలై మొదటి వారం. నాడీ నాళం మూసుకోవడం 28 రోజుల్లో అయిపోతుంది, అంటే ఆగస్టు 1 నాటికి. అప్పటికి ఆమెకి నెల తప్పి రెండు వారాలే. వలస కణాలు ముఖంలోకొచ్చి, రెండు పక్కల గడ్డలూ మధ్య గడ్డతో అతుక్కుని పై పెదవి అయ్యేది రెండో నెల దాటకుండానే. ఆగస్టు ఆఖరుకి ఆ పెదవి కథ ముగిసింది. గ్రహణం డిసెంబరు 26న. నాలుగు నెలల కిందట కట్టేసిన గోడని వంకాయ తరిగి చీల్చగలిగే కత్తిపీట ఎక్కడా లేదు. పెదవి ఎందుకు అతుక్కోలేదంటే జీన్సు, పోషణ, కొన్ని మందులు, పొగ, ఇలా పది కలిసిన లెక్క. ఎక్కువమందిలో ఫలానా కారణమని వేలు చూపించలేం.

నాళం పూర్తిగా మూసుకోకపోవడం వేరే కష్టం, దానికి మాత్రం వేలు చూపించగలిగే మందుంది. 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ట్రయల్‌లో, అలాంటి బిడ్డని ముందు కన్న తల్లులకి గర్భానికి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గింది. ముందునుంచే అన్నదే అక్కడ కీలకం. ముందు అలాంటి కాన్పు లేనివాళ్లకి మామూలుగా రోజుకి 400 మైక్రోగ్రాములు చాలు, పెద్ద ఖర్చేం కాదు. మా మరదలు గర్భిణిగా పేరు రాయించుకుంది సెప్టెంబరులో. మాత్రలు అప్పుడందాయి. ముఖ్యమైన నెలంతా అయిపోయాక ఇచ్చి, వేసుకోలేదని కసురుకోవడం నేను చెవులారా విన్నాను. పెళ్లయిన నాటినుంచి చేతిలో ఉండాల్సిన మాత్ర అది. ఇది చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

లాక్‌డౌన్ వల్ల పిల్ల ఆపరేషను ఆలస్యమైంది, విశాఖలో తొమ్మిదో నెలలో చేశారు. ఇప్పుడు బడికెళ్తోంది. పెదవి మీద సన్నటి గీత, నవ్వితే కనిపిస్తుంది. మొన్న ఉభాలప్పుడు ఊరెళ్తే, వచ్చిన చుట్టాలావిడకి పెద్దమ్మ మళ్లీ గ్రహణం కథ మొదలెట్టింది, పిల్ల అక్కడే ఉండగా. ఈసారి ఊరుకోలేదు. గోడ మీది కేలండరు తీసి, వెనక తెల్లవైపు పెన్సిలుతో గీత గీశాను. జూన్ 20. ఆగస్టు 1, నాళం. ఆగస్టు ఆఖరు, పెదవి. బాగా దూరంగా డిసెంబరు 26.

పెద్దమ్మ చాలాసేపు చూసింది. ఉభాలకి రోజులు లెక్కపెట్టే మనిషి, గీత అర్థమైంది. తల ఊపింది కూడా. నేను గెలిచాననుకున్నాను. అప్పుడు వేలు జరిపి ఆగస్టు మీద పెట్టింది.

"అయితే ఈ నెల్లో ఏటి సేసిందంటావు?"

గుమ్మంలో తడికాళ్లతో నిలబడ్డ కోడలే జవాబు చెప్పింది.

"ఆగస్టంటే ఉభాలు కదత్తా. మీ మడిలోనే ఉన్నాను."

పెద్దమ్మ కేలండరు తిప్పి గోడకి తగిలించేసింది.